తువ్వాలు వేసిన కుర్చీ

తువ్వాలుకు ఒక కొస పళ్ళ డాక్టరు చేతిలో ఉంది. ఇంకో కొస కొత్త పెళ్ళికొడుకు చేతిలో ఉంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి లాగుతున్నారు. ఈత కొలను చుట్టూ చేరిన జనం రెండు జట్లుగా చీలిపోయి కేకలు వేస్తున్నారు.

తమాషా ఏమిటంటే, ఆ తువ్వాలు ఇద్దరిలో ఎవరిదీ కాదు. దాన్ని తీసేసి కుర్చీలో పడుకుంటానని డాక్టరు. తీయనిచ్చేది లేదు, తీస్తే అక్కడ పడుకునేది తన భార్యేనని పెళ్ళికొడుకు.

పెళ్ళికొడుకు చెయ్యి జారింది. డాక్టరు వెనక్కి తూలి కొలను అంచు దాకా వెళ్ళాడు. అంతే, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో గానీ, హోటల్ మేనేజరు గాల్లోకి ఎగిరి అతని నడుం పట్టుకుని ఇవతలకు ఈడ్చాడు.

"ఈతలో నాకు కప్పులొచ్చాయయ్యా, పడితే ఏం పోతుంది?" అని డాక్టరు విసుక్కున్నాడు.

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి టై సర్దుకుని, అందరికీ చల్లటి పళ్ళరసాలు తెప్పించి, గోడ మీది బోర్డు చూపించాడు. 'తువ్వాలు ఉన్న కుర్చీ, తువ్వాలు వేసినవారిదే.'

ఇదంతా చూస్తున్న రిటైర్డ్ రైల్వే టీసీ పిడికిలి బిగించాడు. ఆయనకు మిగిలింది రేపు ఒక్క పూటే. మధ్యాహ్నానికి గది ఖాళీ చెయ్యాలి.

హోటల్ మాత్రం మహా పెద్దది. టిఫిన్ హాలుకు బయల్దేరినవాళ్ళు దారి తప్పి బట్టలుతికే గదిలో తేలేవారు. సముద్రం హోటల్ పేరులోనే ఉంది. నిజం సముద్రం చూడాలంటే రోడ్డు దాటి, ఇంకో హోటల్ వెనక సందులోంచి తొంగి చూడాలి. అందుకే అందరి ప్రాణాలూ కొలను చుట్టూ ఉన్న ఆ పడక కుర్చీల మీదే.

వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. తెల్లారేసరికి కుర్చీ కుర్చీకీ ఒక తెల్ల తువ్వాలు. వేసినవాడు రాడు, పడుకోడు. ఇస్త్రీ మడత కూడా నలగదు. సాయంత్రం కాగానే భద్రత పేరు చెప్పి కొలను గేటుకు తాళం వేసేసేవారు. పిల్లలు నడుముకు రబ్బరు ట్యూబులు తగిలించుకుని, కుర్చీ దొరికితేనే ఈత అన్న అమ్మల మాట నమ్ముకుని, పొద్దస్తమానం కుర్చీలకు కాపలా కాసేవారు. పెద్దలు కొలనుకు వీపు పెట్టి, ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకునేవారు. పై అంతస్తువాళ్ళు కింది అంతస్తువాళ్ళతో మాటలు మానేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర టీసీ భార్య కంచం పక్కకు నెట్టింది. ఆవిడ కొన్న ఈత బట్టలకు షాపువాడు కట్టిన చీటీ ఇంకా ఊడలేదు.

"నేను బంగళా అడిగానా, బంగారం అడిగానా? ఒక్క పూట ఆ కుర్చీలో కాళ్ళు చాపుకుని పడుకుంటానన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కిటికీ పక్క సీట్లు ఇప్పించారు. కట్టుకున్నదానికి ఒక్క కుర్చీ ఇప్పించలేరు."

"రిజర్వయిన సీటు మీద చెయ్యి వెయ్యకూడదే."

"అయితే రేపు ఇంటికి ఒక్కరే వెళ్ళండి. నేను మా అక్క దగ్గరికి పోతాను. అక్కడ కనీసం మడత మంచం ఉంది."

ఆ మాట సూటిగా తగిలింది. తువ్వాలు లాగిపారెయ్యడం ఆయన రక్తంలో లేదు. అసలు మనిషిని పట్టుకోవాలి. హక్కు ఉందో లేదో అడగాలి. మర్యాదగా లేపాలి. అదీ పద్ధతి.

తెల్లవారుజామున టీసీ గేటు ఎక్కి దూకి, క్రోటన్ కుండీల వెనక నక్కాడు. దోమలు పీక్కు తింటున్నా చూపు కుర్చీల మీంచి మరల్చలేదు.

తూర్పు తెల్లబడుతుండగా గేటు కిర్రుమంది. తలను మించిన తువ్వాళ్ళ దొంతర మోసుకుంటూ ఒక ఆకారం వచ్చింది. ఒక్కో కుర్చీ మీదా తువ్వాలు పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు ముడతలు సవరిస్తోంది. టీసీ వెనక నుంచి వెళ్ళి, టికెట్ లేనివాడి రెక్క పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"దిగు," అన్నాడు అలవాటు కొద్దీ.

ఆయన వేసిన ఈలకు హోటలంతా లేచి వచ్చింది. దొంతరలో మొహం దాచుకున్నది పళ్ళ డాక్టరేనని పెళ్ళికొడుకు ఒట్టు వేశాడు. పెళ్ళికొడుకేనని డాక్టరు అతని పక్కనే నిలబడి వాదించాడు. టీసీ ఒక్క ఊపు ఊపాడు. తువ్వాళ్ళు జారి కింద పడ్డాయి.

టై కట్టుకున్న మేనేజరు.

జనం అతని చుట్టూ మూగారు. టీసీ భార్య మాత్రం ఆ సందట్లో దగ్గరున్న కుర్చీలోకి చేరి, కాళ్ళు చాపి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. మొగుడి వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపింది. అప్పుడు తీరిగ్గా మేనేజరును అడిగింది.

"ఏమయ్యా, మా కుర్చీలతో నీకేం పని?"

మేనేజరు తల వంచుకున్నాడు.

"మీ అందరి కళ్ళూ కుర్చీల మీంచి కదలకూడదని ఆ తువ్వాళ్ళు వేస్తున్నది నేనేనమ్మా, కొలను పగిలి అందులో చుక్క నీళ్ళు లేక నెల దాటింది."