మీటరు ముక్క

తూకం వేయకుండా ఒక్క కమ్మీ కూడా ట్రాక్టరెక్కనీయనని చౌడక్క స్టీలు అంగడి వాకిట్లో అడ్డంగా నిలబడింది.

వెనక నిల్చున్న కూతురు సుచిత్ర తల వంచుకుంది. ఆమె చేతి సంచిలో పట్టు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఉంది. అది ఎవరి కంటా పడకుండా చున్నీ కప్పింది.

అంగడి యజమాని అనిల్ కుమార్ కోప్పడలేదు. పొద్దున్నుంచీ మంచి హుషారులో ఉన్నాడు. వచ్చినవాళ్ళందరికీ మైసూరుపాకు పంచుతూ, సుచిత్ర చేతిలోనూ ఒక ముక్క పెట్టాడు. ధర్మవరంలో ఎవరూ కమ్మీలు తూచి అడగరనీ, కంపెనీ ముద్ర చూసి లెక్కపెట్టుకుంటే చాలనీ నచ్చజెప్పాడు. మధ్యలో తన మేస్త్రి ఫోను చేస్తే, కంకర వచ్చిందిగా, ఇంకేం, కానీయమని నవ్వుతూ పెట్టేశాడు.

"ఇది పట్టుదారం కాదక్కా, ఇనుము."

"పట్టు తూచి ఇస్తారు, చీర తూచి తీసుకుంటారు. మాకు తెలిసింది అదేనప్పా," అంది చౌడక్క. "పొద్దస్తమానం మగ్గంలో కూర్చునేది నేనూ, నా బిడ్డా. ఇప్పుడు కట్టే ఆ మిద్దె మా నెత్తిమీదే గదా ఉండేది."

"కమ్మీలతో చీర నేస్తావా యేమక్కా?" అన్నాడొక కూలీ. మిగతావాళ్ళు నవ్వారు. సుచిత్ర చెవులు వేడెక్కాయి. అయినా అమ్మ చూసిన చూపుకు త్రాసు బయటికి తీసింది.

అనిల్ కుమార్ కూడా సరదా పడి, పన్నెండు ఎంఎం కమ్మీలోంచి సరిగ్గా మీటరు ముక్క కోయించాడు. మీటరుకు ఎనిమిది వందల ఎనభై ఎనిమిది గ్రాములుండాలని చౌడక్క ఇల్లు కట్టే మేస్త్రి ముందే చీటీ రాసిచ్చాడు. త్రాసు ఏడు వందల నలభై చూపింది.

త్రాసే తప్పన్నాడు అనిల్ కుమార్. పక్కనున్న కూరగాయల బండి మీది కిలో రాయి తెప్పించి పెట్టాడు. సరిగ్గా వెయ్యి. ఇంకో కట్టలోంచి మరో ముక్క కోయించాడు. ఏడు వందల ముప్పై ఎనిమిది.

కూలీల నవ్వు ఆగిపోయింది. అనిల్ కుమార్ ముఖం పాలిపోయింది. ఇక మీద పడి అరుస్తాడని సుచిత్ర అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంకో చేతిలో మైసూరుపాకు చెమటకు కరుగుతోంది.

అతను అరవలేదు. ఫోను తీశాడు.

"మేస్త్రీ, కాంక్రీటు ఆపు. మా ఇంటి మిద్దెకు పంపింది గూడా ఈ కమ్మీలే."