పెలికాన్ జాడ లేదు

పెలికాన్ దగ్గర్నుంచి మెయిలు రాలేదు. త్రినాథ్ పొద్దున్నుంచీ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

నెలాఖరులోగా ‘మొగలి’ కొత్త వెర్షన్ బయటికి రావాలి. రాకపోతే, చిన్న చిన్న లైనక్సుల జాబితా నడిపే సైటువాళ్లు దాన్ని ‘ఆగిపోయినవి’ అనే వరసలో పడేస్తామని చెప్పేశారు. ఆ వరసలో పడ్డదాన్ని మళ్లీ ఎవరూ కన్నెత్తి చూడరు.

మొగలి అంటే త్రినాథ్‌కి ప్రాణం. విండోస్‌ని మొయ్యలేని ముసలి కంప్యూటర్లని కూడా నడిపించే లైనక్సు రకం సాఫ్ట్‌వేర్ అది. ఎవరికైనా ఉచితం. తోట గట్టున పెరిగే మొగలి పొదల పేరే పెట్టాడు. పగలు కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు, ఇంటికొస్తే ఇదే లోకం. ఉద్దానంలోకి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులు. ప్రతి ఆదివారం సైటులో అప్‌డేట్ రాసేవాడు. ఏం బాగుపడింది, ఏం చెడింది, ఎవరేం చేశారు. అడుగున ‘త్రినాథ్, పలాస’ అని సంతకం.

మొదట్లో అంతా ఒంటిచేత్తోనే. తర్వాత పెలికాన్ వచ్చాడు. అసలు పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. కంప్యూటర్‌లోకి మొగలిని ఎక్కించే భాగంలో తప్పుందనీ, దిద్ది పంపాననీ శుభ్రమైన ఇంగ్లీషులో రాశాడు. ఆ దిద్దుబాటు చూసి త్రినాథ్‌కి మతిపోయింది. ఏ చలిదేశంలోనో పెద్ద ఇంజనీరై ఉంటాడనుకున్నాడు.

పెద్ద మర్యాదస్తుడు. కరెంటు పోయి ఆలస్యమైందని త్రినాథ్ రాస్తే, ‘ఫర్వాలేదు, నేనూ ఇప్పుడే కూర్చున్నాను’ అని జవాబిచ్చేవాడు. తప్పు చేస్తే ఒక్క మాట అనేవాడు కాదు, సరిచేసి చూపించేవాడు.

ఈసారి కూడా ఎక్కించే భాగం అతని చేతిలోనే ఉంది. ‘దాదాపు అయిపోయింది’ అని సోమవారం రాశాడు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

గురువారం కొట్టు కూడా తెరవలేదు. మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే సింధూర. గోడ అవతల ఇంట్లో ఉండే అన్న ఢిల్లీశ్వరరావు కూతురు.

ఆ గోడ ఆరేళ్ల కిందట లేచింది. సరిహద్దులోని జీడిచెట్లు ఎవరివన్న తగువు. అన్న టెక్కలి కాలేజీలో లెక్కలు చెబుతాడు, తమ్ముడికి కంప్యూటర్ల కొట్టు. ఇద్దరి చదువూ జీడిచెట్ల దగ్గర అక్కరకు రాలేదు. ఆనక అన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో అదేమంత వింత కబురు కాదు గనక త్రినాథ్ గోడ దాటి వెళ్లలేదు.

“సిన్నాన్నా, నానకి ఊపిరి అందట్నేదు. ఆస్పత్రికి నీ కారు ఓపాలి తీత్తావా?”

ఒక చేత్తో గేటు ఊస పట్టుకుంది. రెండో చెయ్యి గుప్పిట బిగించి ఉంది.

“ఆటో పిలుసుకోండి. నాకు పనుంది.”

“ఇంకోటి కూడా సెప్పమన్నాడు...”

“పనుందని సెప్పానా?”

ఆ పిల్ల గేటు వదిలి వెళ్లిపోయింది. త్రినాథ్ లోపలికొచ్చి మెయిలు చూసుకున్నాడు. రాలేదు.

“అదేటి సెప్పబోయిందో ఇంటే మీ సొమ్మేటి పోతాది?” అంది అతని భార్య సుభద్ర. “మొగం తెలీనోడి కోసం ఇంతలాగ ఇదైపోతన్నారు.”

“ఆడు నా పని సేత్తన్నాడు. ఈడు నా సెట్లు తిన్నాడు.”

అవతలివాళ్లకి ఆటో దొరికేసరికి పొద్దు వాలింది. కాశీబుగ్గ రైలు గేటు దగ్గర, గేటు లేచేలోగానే ఢిల్లీశ్వరరావు ప్రాణం పోయింది.

మర్నాడు గోడ అవతల ఏడుపులు. సుభద్ర వెళ్లింది. త్రినాథ్ వెళ్లలేదు. పాడె తన గేటు ముందు నుంచే పోతుంటే కిటికీ మూసుకున్నాడు. మళ్లీ మెయిలు చూసుకున్నాడు.

ఆదివారం అప్‌డేట్ రాశాడు. ‘కొత్త వెర్షన్ ఆలస్యమవుతోంది. ముఖ్యమైన భాగం ఇంకా చేతికి రాలేదు. పెలికాన్, ఎక్కడున్నావు? ఒంట్లో బాగుందా? నా వల్ల అయ్యే సాయమేదైనా ఉంటే మొహమాటపడకుండా అడుగు.’

నెల ఆఖరి రోజు సాయంత్రం మెయిలు వచ్చింది. పెలికాన్ దగ్గర్నుంచే. ఫైలు కూడా ఉంది. త్రినాథ్‌కి ప్రాణం లేచొచ్చింది.

“సుభద్రా, వొచ్చేసింది” అని వంటింట్లోకి వినబడేలా కేకేశాడు. సైటువాళ్లకి ఆ రాత్రే కబురు పెట్టొచ్చు. మొగలి బతికిపోయింది.

ఫైలు దింపుకుంటూ మెయిలు తెరిచాడు. ఈసారి ఇంగ్లీషు కాదు, తెలుగు. ఒకే ఒక్క వాక్యం.

‘చిన్నాన్నా, ఆ రోజు నేను కారు అడగడానికి వచ్చినప్పుడు, నీకిచ్చి రమ్మని నాన్న పంపిన ఈ ఫైలున్న పెన్‌డ్రైవ్ నా గుప్పిట్లోనే ఉంది.’