మూడో ప్రకటన

“ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి.”

పాస్టర్ మహాదేవప్ప కళ్లద్దాలు సవరించుకుని చర్చి అంతా కలియజూశాడు.

ఎవరూ లేవలేదు. అనిత బిగబట్టిన ఊపిరి వదిలింది. ఇది మొదటి ప్రకటనే, ఇంకా రెండు ఆదివారాలు ఇలాగే చదువుతారు. ఆ తర్వాతే పెళ్లి.

జహీరాబాద్‌లో ఆ చర్చికి వచ్చేవాళ్లందరికీ ఆమె సంగతి తెలుసు. నాలుగేళ్ల కింద మొగుడంపల్లి దారిలో, చెరుకు తోట పక్కన ఒకడు ఆమెను చెరిచాడు. వాడిప్పుడు జైల్లో ఉన్నాడు. విచారణ తలుపులు మూసి జరిగింది, తన సాక్ష్యం అవగానే ఆమెను బయటికి పంపేశారు కాబట్టి మిగతావాళ్లు ఎవరేం చెప్పారో ఆమెకు తెలియదు. వాడి చొక్కా దొరికిందని, అదే వాణ్ని పట్టించిందని మాత్రం విన్నది.

పెళ్లికొడుకు ప్రశాంత్‌కు అన్నీ తెలుసు. తెలిసే చేసుకుంటానన్నాడు. భయమల్లా అతని మేనమామ గురులింగప్పతోనే.

“చెడిన ఆ పిల్లకు పెళ్లిల తెల్లచీర ఎట్ల కడ్తరు?” అని ఇప్పటికే నలుగురిలో అన్నాడు ఆ పెద్దమనిషి. పెద్దమనుషులు అలాంటివే అంటారు మరి.

ఆ రోజు పాస్టర్ రోము నగరం కథ చెప్పాడు.

“పూర్వం అక్కడ ఒక ఇల్లాలిని రాజు కొడుకు చెరిచాడు. ఆమె తండ్రినీ భర్తనూ పిలిచి, జరిగింది చెప్పి, కత్తితో పొడుచుకుంది. పరువంటే అదీ అని రోము వాళ్లు వందల ఏళ్లు మెచ్చుకున్నారు. తర్వాత శత్రువులు రోమును దోచుకున్నప్పుడు ఎందరో ఆడవాళ్లకు అదే జరిగింది. అప్పుడొక బిషప్ రాశాడు. మనసు ఒప్పుకోని పాపం ఒంటికి అంటదు. ఆ ఇల్లాలు ఏ తప్పూ చేయనిదైతే, ఆ కత్తి చంపింది ఎవరిని?”

అనిత తల ఎత్తింది. నాలుగేళ్లలో చర్చిలో ఆమె తల ఎత్తడం అదే మొదలు.

ద్వారం దగ్గర చాప మీద కూర్చున్న పచ్చచీర కొత్త ముసలామె, అందరూ వెళ్లేదాకా ఆగి పాస్టర్ని అడిగింది.

“అయ్యా, ఆ రాజు కొడుక్కు తల్లి లేదా?”

“ఉండే అమ్మా.”

“ఆమె ఏమన్నది?”

“అది ఎవ్వరు రాయలే.”

“ఎందుకు రాయలే?”



ఆ మధ్యాహ్నం అనితకు కునుకు పట్టింది. చెరుకు తోటలోంచి తెల్లబట్టల రోము ఇల్లాలు నడిచి వస్తోంది. చేతిలో కత్తి ఉంది. తెల్లటి చెరుకు పూత గాలికి రాలుతోంది.

“అది ఇటియ్యక్కా” అన్నది అనిత.

ఆమె ఇవ్వలేదు, కిందా పెట్టలేదు. దూరంగా గట్టు మీద పచ్చచీర ముసలామె కూర్చుని ఇద్దరినీ చూస్తోంది. మెలకువ వచ్చాక కూడా అనితకు ఆ పూత కళ్ల ముందే రాలుతూ ఉంది.

రెండో ఆదివారం కూడా ముసలామె అదే చాప మీద కూర్చుంది.

మూడో ఆదివారం. రంగుటద్దాల వెలుగు నేల మీద నీళ్లలా కదులుతోంది. అనితకు అంతా కలలో లాగే ఉంది.

“ఇదే ఆఖరి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే...”

గురులింగప్ప కండువా సర్దుకుని, లేవబోతూ మోకాళ్ల మీద చేతులు పెట్టాడు.

అంతలో ద్వారం దగ్గర ముసలామె దిగ్గున లేచి నిలబడింది.

తలలన్నీ అటు తిరిగాయి. గురులింగప్ప కూడా లేవడం మరచి అటే చూశాడు.

అనిత తల్లి అనంతమ్మ పరుగున వెళ్లి ముసలామె రెక్క పట్టుకుంది.

“ఎవరే నువ్వు? నా బిడ్డ బతుకుల మన్ను పోస్తవా? నడువ్ బయటికి!”

“పిల్లకు...” అని ఏదో చెప్పబోయింది ముసలామె. చెప్పలేక చేతులు జోడించింది. చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ గోలలోనే పాస్టర్ “అభ్యంతరం లేదు” అని చదివి పుస్తకం మూసేశాడు. బతికిపోయానని అనిత ఏడ్చింది.

గురువారం పెళ్లి. అనిత తెల్లచీర కట్టుకుంది. ఆమె కేసు చూసిన కానిస్టేబుల్ శిల్ప కూడా వచ్చింది. వచ్చీరాగానే ద్వారం వైపు చూసింది.

“సంగమ్మ రాలేదా?”

“ఏ సంగమ్మ?” అన్నది అనంతమ్మ.

“న్యాల్‌కల్ ముసలామె, పచ్చచీర. పెళ్లి సంగతి నేనే చెప్పిన. మూడు ఆదివారాలు ఈడ కూసుంట అన్నది. ఎవడన్న లేస్తే జవాబు నేను చెప్త అన్నది.”

అనంతమ్మ చేతిలోని పూలపళ్లెం కింద పెట్టింది.

“అడ్డం చెప్తదనుకున్న... నేనే బయటికి గుంజిన. ఇప్పుడు యాడుంది?”

“నిన్న బీదర్ బస్సెక్కింది. యాడికో చెప్పలే. కోర్టుల సాక్ష్యం చెప్పినప్పటి సంది ఊర్ల ఆమెతోని ఎవ్వరు మాట్లాడరు.”

“సాక్ష్యమా? ఆమెకేం తెలుసక్కా?” అన్నది అనిత.

శిల్ప ఆమె తెల్లచీర కొంగు సర్దుతూ మెల్లగా చెప్పింది.

“ఆ చొక్కా ఉతకకుండ దాచి ఠాణాకు తెచ్చిచ్చింది ఆమెనే అనితా, వాన్ని కన్నతల్లి.”