ముందుకు ఉరికే వాచీ

“ఒకటి, నీళ్లు రాని కొళాయిలు. రెండు, గడియ లేని బాత్రూము తలుపులు. మూడు, చప్పుడే తప్ప గాలి రాని లైబ్రరీ ఫ్యాను,” సునీత రాస్తూనే పైకి చదివింది.

అది తొంభై తొమ్మిది జనవరి. యూనివర్సిటీలో విద్యార్థులు రోజూ పడే ఇబ్బందులు పది రాసి రిజిస్ట్రారుకు ఇవ్వమని సోషల్ వర్క్ మేడమ్ చెప్పి అప్పటికే వారమైంది. రెండో ఏడాది ఎమ్మే క్లాసులో ఆ పని సునీత మీదా దీపక్ మీదా పడింది.

“నాలుగోది నేను చెప్తా, రాసుకో,” అన్నాడు దీపక్, చేతి వాచీ చూపిస్తూ. “ఆవులప్ప ఆఖరు గంట రోజూ మూడూ యాభై అయిదుకే కొడ్తాండాడు. నెల నుంచి చూస్తాండా. మిగతా గంటలన్నీ కరెక్టే. సాయంత్రంది ఒక్కటే అయిదు నిమిషాలు ముందు.”

దీపక్ వాళ్ల నాన్న శ్రీనివాసులుకు చిక్కపేటలో వాచీల అంగడి ఉంది. ఆ ఇంట్లో కూరలో ఉప్పు తప్పితే ఊరుకుంటారు గానీ, టైము తప్పితే ఊరుకోరు.

సునీత పెన్ను ఆగిపోయింది. “వద్దులే దీపక్. ఆయన మార్చిలో రిటైరవుతున్నాడు. ఇప్పుడు కంప్లయింటు పోతే ఆయన గతేంటి?”

“తొందరగా ఇంటికి పోదామని కొట్టేస్తాండాడేమో!”

“ఇంటికెక్కడ పోతున్నాడు? అయిదున్నరదాకా గదులకి తాళాలు వేసేది ఆయనే కదా.”

ఆవులప్ప ఆర్ట్స్ బ్లాకు అటెండరు. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను ముప్పై ఏళ్లుగా ఇనప కడ్డీతో మోగిస్తున్నాడు. అతనంటే సునీతకు ప్రాణం. ఇక్కడ చేరిన కొత్తలో వరసగా రెండు రోజులు వర్తూరు బస్సు తప్పిపోయి, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అందరూ చూస్తూ వెళ్లిపోయారు. కుండలోంచి చల్లటి నీళ్లు తెచ్చిచ్చి, ఎందుకేడుస్తున్నావని అడిగింది ఆవులప్ప ఒక్కడే.

ఆ ఏడుపుకు కారణం ఉంది. ఇంట్లో అమ్మమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. అమ్మ పేరు కరుణ, ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీకి అయిదున్నరకు బయల్దేరాలి. ఆలోగా సునీత ఇంట్లో ఉండాలి. ఆ బస్సు తప్పితే మళ్లీ ఆరింటికే.

ఆ రెండు రోజుల తర్వాత బస్సు మళ్లీ ఎన్నడూ తప్పలేదు. గంట వినగానే సంచీ భుజాన వేసుకుని గేటుదాకా ఒకటే పరుగు. చేతికి వాచీ లేదు, బస్సు టైమెంతో అడిగే అవసరమూ రాలేదు. పరుగు అలవాటైందని తన కాళ్లను తనే మెచ్చుకునేది.

ఇద్దరూ వెళ్లి ఆవులప్పనే అడిగారు.

“వాచీ ముసలిదైపోయిందప్పా,” అన్నాడతను, చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కుంటూ. “పొద్దున బాగానే ఉంటాది. మధ్యాన్నం ఎండ తగిలిందంటే ముందుకు ఉరుకుతాది.”

“ఎండకు ఉరికే వాచీని నేను పుట్టినప్పట్నుంచీ చూళ్లేదు!” అన్నాడు దీపక్.

సునీతకు మాత్రం జాలేసింది. నాలుగో ఇబ్బంది కాగితం మీదికి ఎక్కకుండా ఉండాలంటే ఒకటే దారి. సోమవారం పొద్దున దీపక్ అంగడి నుంచి కొత్త వాచీ తెచ్చాడు. సునీతే ఆవులప్ప చేతికి కట్టింది.

అతను వాచీ వంక చూశాడు. తర్వాత సునీత వంక చూశాడు. “ఇది సరిగ్గా నడుస్తాదా తల్లీ?”

“సెకను కూడా తేడా రాదు తాతా.”

“రాదా,” అన్నాడు దిగులుగా. ముప్పై ఏళ్ల పాత వాచీ మీద బెంగ కాబోలనుకుంది సునీత.

ఆ సాయంత్రం గంట సరిగ్గా నాలుగింటికి మోగింది. దీపక్ సంబరంగా బల్ల చరిచాడు. సునీత ఎప్పటిలాగే పరుగెత్తింది. గేటు చేరేసరికి వర్తూరు బస్సు మలుపు తిరిగిపోతోంది.

“అది నాలుగూ రెండుకే పోతాది కదమ్మా, ఎప్పుడూ అంతే,” అంది గేటు దగ్గర వేరుసెనగలమ్మే పార్వతమ్మ.

సునీత స్టాపులో కూలబడింది. ఏడాదిన్నరగా తనను ఇంటికి చేర్చింది తన కాళ్లు కాదు, ఆవులప్ప పాడు వాచీ. దాన్ని చేతులారా తీయించేసింది. తాళాలు వేసి ఇంటికి పోతున్న ఆవులప్ప ఆమెను చూసి ఆగాడు. చేతికున్న కొత్త వాచీని ఒకసారి చూసుకుని వెళ్లిపోయాడు.

అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఆసుపత్రివాళ్లు పక్కింటికి ఫోన్ చేసి, ఇంకోసారి లేటైతే డ్యూటీలోంచి తీసేస్తామన్నారు సునీ. అమ్మమ్మనేమో వదల్లేం. పరీక్షలు ఎప్పుడైనా రాయొచ్చులేమ్మా, కాలేజీ మానెయ్,” అంది కళ్లు తుడుచుకుంటూ.

“ఒక్కరోజు చూడమ్మా. రేపు క్లాసు మధ్యలోనే వచ్చేస్తా,” అంది గానీ, ఆఖరు క్లాసు మేడమ్ గంట మోగందే ఎవర్నీ కదలనివ్వదని ఆమెకు తెలుసు.

మంగళవారం ఆ క్లాసులో ఒక్క ముక్కా చెవికెక్కలేదు. మూడు నెలల్లో చేతికొచ్చే చదువు జారిపోతోంది. కళ్లు తుడుచుకుంటుండగానే గంట మోగింది.

దీపక్ తన వాచీ చూసుకుని అదిరిపడ్డాడు. “మళ్లీ అయిదు నిమిషాలు ముందే! మా అంగడి వాచీ ముందుకు పోయేదా? మా నాన్నకు తెలిస్తే రెండ్రోజులు అన్నం ముట్టడు!”

సునీత సంచీ అందుకుని వరండాలోకి పరుగెత్తింది. పట్టా ముక్క ఇంకా ఊగుతోంది. ఆవులప్ప కడ్డీ పట్టుకుని చెట్లకేసి చూస్తున్నాడు.

“కొత్తది కూడా చెడిపోయిందా తాతా?”

“ఏం చేద్దాం తల్లీ, ఇదీ ముందుకే ఉరుకుతాండాది. నువ్వు నిలబడొద్దు, పో.”

సునీత అతని చొక్కా చేతిని మెల్లగా పైకి జరిపి, వాచీ చూసింది.

సరిగ్గా మూడూ యాభై అయిదు.