గీత మీద దరువు

కుమార్ దరువు వాయించే మిడి ప్యాడ్ మీద వేలితో కొట్టాడు. కంప్యూటర్ తెర మీద ఆ దెబ్బ తాళం గీత దాటి పడింది. మళ్లీ కొట్టాడు. ఈసారి గీతకు ముందే పడింది.

ప్యాడ్ కొన్న వారం నుంచీ ఇదే. రాత్రిళ్లు కొడితే బాపు నిద్ర చెడుతుందని పగలే కూర్చుంటాడు. చేతికి దరువు వచ్చు. కంప్యూటరే ఆ చేతిని నమ్మడం లేదు. ఒక్కో దెబ్బను ఒక్కో తీరుగా జరిపి రాసుకుంటోంది. ఆ జరపడానికి ఒక వరస లేదు. అదే అతణ్ణి భయపెడుతోంది.

నాలుగింటికల్లా దరువు కరీంనగర్ స్టూడియోకు చేరాలి. నచ్చితే కొలువు.

"ఇంకా సక్కగైతలేదారా?"

గుమ్మంలో బాపు, సిద్దిరాములు. కనుబొమల మీద దూది నుసి. మెట్లెక్కినందుకే రొప్పుతున్నాడు. కింద షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కడే నడుపుతాడు. మగ్గాల పని మానకపోతే దమ్ము గుండెకెక్కుతుందని డాక్టరు చెప్పి నెల దాటింది.

"ఇయ్యాల పంపుత బాపు. కొలువైతే రేపే నువ్వు సాంచాలు బందు వెట్టాలె."

"నీ డబ్బాకన్న నా సాంచాలే నయంరా. చెప్పినట్టు ఇంటయి." నవ్వబోయి దగ్గాడు. "పోత. కండెల నూలు ఒడిసి కొత్తది మార్చకపోతే ఆగి కూసుంటయి."

కింది మోత వినపడకుండా కుమార్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టూడియో శ్యాంసుందర్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, దెబ్బ గీత మీద పడుతలే."

"నీ వేళ్లే తాగినయేమో చూడు! జర వైఫై బందు వెట్టు."

పెట్టాడు. కొట్టాడు. దెబ్బలు గీతకు కాస్త దగ్గరయ్యాయి.

"జర నయం అన్నా!"

"ప్యాడ్ వైరు నడుమ హబ్ డబ్బాల పెట్టకు. సక్కగ సీపీయూకే పెట్టు."

ఇంకొంచెం దగ్గర. బాగుపడుతున్నదాన్ని చూస్తే ఎందుకో దిగులు పుట్టింది.

"బఫర్ అంకె సగం చెయ్."

వెంట్రుకంత తేడా మిగిలింది.

"పాత డ్రైవర్ తీసి కొత్తది ఎక్కించు. ఇగ ఫికర్ లేదు."

వైఫై మళ్లీ పెట్టి దింపుకుని ఎక్కించాడు. పదహారు దెబ్బలు కొట్టాడు. పదహారూ సూదితో గుచ్చినట్టు గీత మీదే పడ్డాయి.

పాట దరువంతా ఒక్క ఊపున వాయించి పంపాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలున్నాయి.

"మస్తున్నది తమ్మీ," అన్నాడు శ్యాంసుందర్. "సోమవారం నుంచి వచ్చెయ్."

హెడ్‌ఫోన్లు తీశాడు. తల మీద ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పగటిపూట ఈ ఇంట్లో ఫ్యాన్ చప్పుడు వినడం అదే మొదటిసారి.

"బాపూ!" అని పిలుస్తూ మెట్లు దిగాడు.

చేతిలో నిండు కండెతో బోర్లా పడి ఉన్న సిద్దిరాములును చూశాక కుమార్‌కు తెలిసింది, పైన తన ప్యాడ్‌ను ఇన్నాళ్లూ వణికించినవి ఈ నాలుగు సాంచాలేనని, కండె మార్చే చేయి లేక అవి ఒక్కొక్కటే ఆగినప్పుడల్లా తన దరువు బాగుపడుతూ వచ్చిందని.