పద్నాలుగు ఫోన్లు

ముసలాయన సంచిలోంచి పద్నాలుగో ఫోన్ కూడా తీసి టేబుల్ మీద పెట్టేసరికి విద్యకు అనుమానం మొదలైంది.

అన్నీ పాతవే. ఒకదానికి అద్దం పగిలింది, ఇంకోదానికి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"వీటి మీద మీ యాప్ ఎక్కించి చూడుండ్రి మేడం. జర జల్ది. మూడింటి లోపల వాపసు ఇచ్చెయ్యాలె," అన్నాడాయన గోడ గడియారం వంక చూస్తూ.

అసలే ఆ వారం విద్యకు కాలు ఒకచోట నిలవడం లేదు. గోదావరిఖని చౌరస్తాలో సెల్‌ఫోన్ల షాపు పైన చిన్న ఆఫీసు, ఆమె కింద ముగ్గురు. పదేళ్లుగా కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడమే వాళ్ల పని. ఆ పనికి వంక పెట్టినవాడు లేడు. ఇప్పుడు లోకమంతా ఫోన్లోకి దూరింది కాబట్టి వాళ్లూ దూరక తప్పలేదు. మొదటి పనే ఒక గనికి హాజరు యాప్. కార్మికుడు గని ముందు నిలబడి తన ఫోన్లో తన ముఖం ఫోటో తీసుకుంటే చాలు, ఆ రోజు మస్టర్ పడుతుంది.

సోమవారం మొదటి షిఫ్టులో ట్రయల్. అది సాఫీగా జరిగితే ఆఫీసు ఉంటుంది. తేడా వస్తే పని మొత్తం హైదరాబాద్ టీముకు పోతుందని, నలుగురూ వేరే దారి చూసుకోవాల్సిందేనని పెద్దసారు జయకృష్ణ ఫోన్లో చెప్పేశాడు. మెత్తగానే చెప్పాడు. ఆ మెత్తదనానికే ఆమెకు భయమేసింది.

కొత్త ఫోన్లు ఆరు కొనిచ్చారు. ఆరింటిలోనూ యాప్ చక్కగా నడిచింది. అయినా ఆమెకు కుదురు లేదు. తీసిన ఫోటోనే మళ్లీ తీసింది, రాసిన రిపోర్టే మళ్లీ రాసింది. పాత ఫోన్లు కూడా కావాలని కింద షాపులో చెప్పి పెట్టింది. దాంతో ఎవరెవరో సంచులతో మెట్లెక్కి వస్తున్నారు. వాటిలో దొంగ ఫోన్లూ ఉంటాయి జాగ్రత్త అని షాపతనే హెచ్చరించాడు.

"ఎవరివండీ ఇవి?"

"మావోళ్లయి."

"మీవాళ్లంటే?"

"గని కాడోళ్లు. నేను గని కాడికెళ్లే వస్తున్న."

ఈ ఊళ్లో గని దగ్గర్నుంచి రానివాడెవడు? లాక్ ఉన్నవాటితో మేమేం చేసుకుంటామని అడిగింది. ఆయన ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, ఎక్కడా తడుముకోకుండా, పద్నాలుగు ఫోన్ల లాకులూ తీసి చూపించాడు.

విద్య ఫోన్ల దగ్గర్నుంచి చేయి వెనక్కి తీసుకుంది. సొంత ఫోన్ లాకే మర్చిపోయే వయసులో ఇన్ని లాకులా? వీటిని ముట్టుకుంటే రేపు కేసు తమ మెడకు చుట్టుకుంటుంది.

"నువ్వు ఇవన్నీ తీసుకుని కిందికి దిగు," అంది. అంతదాకా 'మీరు' అన్న నోరే అది. "లేకపోతే పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేస్తాను."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే ఫోన్ అందుకుంది. ఆయన ఒక్కో ఫోన్‌నూ తువాలతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"మనసుల వెట్టుకోకు బిడ్డా. సోమవారం మీకు తక్లీఫ్ అయితదని వచ్చిన," అని మెట్లు దిగిపోయాడు.

సోమవారం సంగతి ఈయనకెలా తెలుసని ఒక్క క్షణం అనిపించింది. ఊరంతా తెలిసిందే కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ముసలాయన దొంగ లెక్క లేడక్కా అని టీములో చిన్నవాడు ఉపేందర్ నసిగాడు. దొంగలు నుదుట రాసుకుని తిరగరని అతన్ని కసిరింది.

సోమవారం పొద్దున ఏడు కాకముందే గని ముందు మూడు వందల మంది ముఖాలకు ఎదురుగా ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కెమెరా తెరుచుకోగానే సగం ఫోన్లలో యాప్ టక్కున మూసుకుపోయింది. పాత ఫోన్లు, లోపల ఖాళీ లేదు, కెమెరాల మీద బొగ్గుదుమ్ము. మళ్లీ తెరిచారు, మళ్లీ మూసుకుంది. మస్టర్ పోతుందని వెనకవాళ్లు ముందుకు తోశారు. విద్య ఒకరి ఫోన్ వదిలి ఇంకొకరి ఫోన్ పట్టుకుంటూ ఆ గుంపులో గిరగిరా తిరిగింది. చివరికి మమత అనే గని ఉద్యోగిని పాత రిజిస్టర్ తెచ్చి పేర్లు రాయడం మొదలుపెట్టింది.

ఎనిమిదింటికి జయకృష్ణ ఫోన్ చేశాడు. ఈసారీ మెత్తగానే మాట్లాడాడు. పని హైదరాబాద్‌కు పోయింది.

అందరూ గనిలోకి దిగిపోయాక కూడా విద్య అక్కడే నిలబడిపోయింది. ఆ గుంపులో తన చేతికొచ్చినవి అవే ఫోన్లు. అదే పగిలిన అద్దం, అదే రబ్బరు బ్యాండు. సంచిలో ఫోన్లు వేసుకొచ్చిన ముసలాయన ఎవరని మమతను అడిగింది.

"సదయ్య కాకనా? శనివారమే రిటైరైండు మేడం. క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి వోయిండు. ఏ ఫోన్లు మొరాయిస్తయో ఆయనకు ఎరుకే. గసొంటియి ఏరి, 'మీరు కింద డ్యూటీల ఉన్నంతసేపట్ల మేడానికి చూపిచ్చి తెస్త' అని మావోళ్లకు చెప్పి పట్టుకపోయిండు."

సిగ్గుతో విద్య తల ఎత్తలేకపోయింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"ఫోన్లూ లాకులూ ఆయనకెలా ఇచ్చేశారు?"

మమత ఆమె వంక వింతగా చూసింది.

"గనిలకు ఫోన్ పోనియ్యరు కద మేడం, పదిహేనేండ్ల సంది దిగేటోళ్లందరు చీటీ గూడ అడగకుంట ఫోన్లు తీసి, లాకులు గూడ చెప్పి, కాక చేతులనే పెట్టి దిగిండ్రు."