పదకొండు పేజీల మొగుడు

చెవిలో గింజంత యంత్రం పెట్టుకుంటే చాలు, అరవై నిండేసరికి మన ఆత్మకథ అదే రాసిపెడుతోంది. మన మనసులో నిలిచినవే రాస్తుంది. మొహమాటం దానికి తెలీదు. కాకినాడలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం ప్రతి ఆదివారం డాబా మీద చేరి, ఒకరి పుస్తకం గురించి మంచీ చెడ్డా మాట్లాడుకుంటాం. నియమం ఒకటే: అందరూ చెప్పడం అయ్యేదాకా పుస్తకం ఎవరిదో వాళ్లు నోరు విప్పకూడదు.

ఈ వారం కనకవల్లిగారిది. ముందుగా లేచింది ఆవిడ భర్త భానుమూర్తిగారే.

"మూడొందల పేజీల్లో నేనున్నది పదకొండు! అందులో తొమ్మిదింట్లో కాఫీ అడుగుతున్నాను. నలభై ఏళ్ల కాపురమండీ, ఇదేం అన్యాయం?"

అందరం పడీపడీ నవ్వాం. మూడో అంతస్తు ఇందుమతి మాత్రం, ఆవకాయ జాడీ పగిలిన రోజు గురించి చదువుతూ ఏడ్చేశానంది. మిగతావాళ్లం కూడా తలో మాటా చెప్పాక కనకవల్లిగారి వంతు వచ్చింది.

"పోయిన నెల మీ పుస్తకం రెండుసార్లు చదివానండీ," అన్నారావిడ భర్తతో. "ప్రతి అధ్యాయంలోనూ 'కాఫీ వచ్చింది' అని ఉంది. తెచ్చిందెవరో ఎక్కడా లేదు."

భానుమూర్తిగారు లేచి, మూలనున్న ఫ్లాస్కులోంచి గ్లాసులోకి కాఫీ వంచారు. చెంచాతో పంచదార తీసి, దాన్ని అలాగే పట్టుకుని భార్య వైపు తిరిగారు.

"వల్లీ, నీకు ఎన్ని చెంచాలు?"

"నేను కాఫీ తాగనండీ," అన్నారావిడ. "పెడతానంతే."